కడిగిన సీసా

ఒకే మనిషి ఒకే వేళకి నలభై రెండు మైళ్ల దూరంలో ఉన్న రెండు చోట్ల ఉండడం దేవుడికి చెల్లుతుందేమో గానీ కౌంటీ ఉద్యోగికి చెల్లదు. కానీ వెర్నా టోలెఫ్‌సన్ ఎదురుగా బల్ల మీదున్న రెండు కాగితాలు మాత్రం నిక్షేపంగా చెల్లుతుందనే అంటున్నాయి.

మొదటిది జూన్ మూడు, ఉదయం 10:20. ఎల్క్ రన్ ఊళ్లో రెస్టారెంటు తనిఖీ. రెండోది అదే జూన్ మూడు, ఉదయం 10:40. ఓస్ట్‌బీ సరస్సు ఒడ్డున పిల్లల వేసవి శిబిరంలో బావి నీటి నమూనా. రెండింటి కిందా ఒకటే పేరు, మార్లిస్ గ్రూబ్. ఒకటే లైసెన్సు నంబరు, 1147.

నీళ్లు బాగున్నాయని ఆ రెండో కాగితం చెప్పింది. శిబిరం తెరిచారు. పది రోజుల్లో పంతొమ్మిది మంది పిల్లలు మంచం పట్టారు. పదకొండేళ్ల టెస్సా కిడ్నీలు పనిచేయడం మానేశాయి, ఆసుపత్రిలో మిషను మీద ఉంది. ఈ రోజు నాలుగింటికి రాష్ట్ర లైసెన్సు బోర్డు ఫోన్లో సమావేశమై మార్లిస్ లైసెన్సును సస్పెండ్ చెయ్యాలా వద్దా అని ఓటేస్తుంది. ఆలోపు నిజమేమిటో తేల్చమని తన దర్యాప్తు అధికారి వెర్నాను కౌంటీ ఆరోగ్య శాఖ ఆఫీసుకి పంపింది. గోడ గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది.

అసలు ఈ ఫైలు వెర్నాది కాదు. ఆమె చూసేవన్నీ మంగలి షాపులు, గోళ్ల రంగు దుకాణాలు, శవాలను భద్రపరిచే గదులు. నీళ్లూ, తిండీ, మురుగూ తనిఖీ చేసే శానిటేరియన్ల ఫైళ్లు చూసే సహోద్యోగి మోకాలి ఆపరేషనుకి వెళ్లడంతో ఇది వచ్చి ఆమె నెత్తిన పడింది. పొద్దుటి నుంచి చదువుతున్నా ఆమెకు ఒక్క ముక్క కొరుకుడు పడలేదు.

"మళ్లీ మొదటి నుంచి చెప్పండి" అంది.

మార్లిస్‌కి అరవై ఒక్కేళ్లు. ముప్పై ఏళ్లుగా కౌంటీ అంతా తిరిగి తిరిగి ముఖం ఎండకి కమిలిపోయింది. చేతిసంచీని ఒళ్లో పెట్టుకుని బిగించి పట్టుకుంది.

"మూడోసారి చెబుతున్నానమ్మా. ఆ రోజు నేను శిబిరం గుమ్మం తొక్కలేదు. ఎల్క్ రన్‌లో పాడైపోయిన కోడిమాంసం పారబోయిస్తున్నాను."

"మరి సంతకం?"

"అది సంతకం కాదు, ముద్ర. రబ్బరు ముద్ర. నేనెప్పుడూ బయటే తిరుగుతాను కదా, మామూలు ఉత్తరాలు ఆగిపోకూడదని ఈ ఆఫీసు కౌంటర్ సొరుగులో పెట్టి వెళ్లేదాన్ని."

"తాళం?"

"లేదు." మార్లిస్ తల దించుకుంది. "లైసెన్సు ముద్ర మన చెయ్యి దాటకూడదని నిబంధన. నాకు తెలుసు. ఆ తప్పుకి ఎంత శిక్ష వేసినా పడతాను. కానీ ఆ పిల్లకి ఆ నీళ్లు తాగించింది నేను కాదు."

"ఆ సొరుగు ఎవరికి అందుతుంది?"

"కౌంటర్ దగ్గర నిలబడి చెయ్యి చాపితే ఈ కౌంటీలో ఎవరికైనా అందుతుంది."

వెర్నా ఎల్క్ రన్ రెస్టారెంటుకి ఫోన్ చేసింది. యజమాని మార్లిస్ పేరు వినగానే పూనకం వచ్చినట్టు ఊగిపోయాడు.

"ఆ మహాతల్లా! మూడో తారీఖున పదిన్నరకి నా వంటింట్లోనే ఉంది. థర్మామీటరు గుచ్చి గుచ్చి చూసి, కోడిమాంసమంతా చెత్తడబ్బాలో పారేయించి, మళ్లీ ఎవడూ తీసుకోకుండా దాని మీద బ్లీచింగు పోయించింది. మధ్యాహ్నం దాకా కదల్లేదు. ఆవిడ మీద కేసు పెడుతున్నారా? నేను సాక్ష్యం చెబుతాను, ఎక్కడికి రమ్మంటారు?"

పొగిడేవాడి సాక్ష్యం కంటే తిట్టేవాడి సాక్ష్యం గట్టిది. వెర్నా మనసు కాస్త తేలికపడింది. ఆ తేలిక రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

మార్లిస్ అరెస్టుకి వారెంటు జేబులో పెట్టుకుని, తలుపు తట్టకుండా లోపలికి వచ్చినవాడు షెరిఫ్ ఆఫీసు డిటెక్టివ్ లైల్ హెగెమన్. పదిహేనేళ్ల క్రితం వెర్నా, అతను ఒకే కారులో గస్తీ తిరిగారు. అప్పటి నుంచీ ఇద్దరికీ పడదు.

"ఏం వెర్నా, మంగళ్ల కత్తెరలన్నీ లెక్కపెట్టడం అయిపోయిందా? ఇప్పుడు బావుల మీద పడ్డావు?"

"నీ వారెంటు చిత్తుకాగితమైపోయింది లైల్. ఈవిడ ఆ పూట ఎల్క్ రన్‌లో ఉంది. సాక్షి దొరికాడు."

లైల్ కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు. "ఉంది. నేనెప్పుడు కాదన్నాను? నాకు కావలసిందీ అదే. శిబిరానికి పోకుండానే పోయినట్టు కాగితం పుట్టించింది. సీసా వేరేవాడు నింపాడు. వాడెవడో ల్యాబ్ వాళ్లే రాసిపెట్టారు."

అతను ల్యాబ్ కాగితం తీసి అడుగున చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. అక్కడ 'సీఎల్ ప్లస్' అని ఉంది.

"సీఎల్. క్లేటన్ లూండ్. శిబిరం కాపలాదారు. ఆవిడే వచ్చిందని నిన్న నాకు కట్టుకథ చెప్పినవాడు. ప్లస్ అంటే వాడు కూడా ఉన్నాడని. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టాను, ఇక తిను."

ఆ రెండక్షరాలు వెర్నా కూడా చూసింది. ఆ పొడి అక్షరాల పేరు గలవాడి కోసం పొద్దున్నంతా కౌంటీ ఉద్యోగుల జాబితా వెతికింది. కాపలాదారు సంగతి తట్టనే లేదు. కాపాడుతుందనుకున్న సాక్ష్యమే ఇప్పుడు మార్లిస్ మెడకి చుట్టుకుంది.

అప్పుడు మార్లిస్ నవ్వింది. ఏడవలేక నవ్వే నవ్వు అది.

"ఓరి నాయనా, అది మనిషి కాదు. క్లోరిన్! సీఎల్ అంటే క్లోరిన్, ప్లస్ అంటే ఉంది అని."

ఇద్దరూ ఆమె వంక చూశారు.

మార్లిస్ సంచీలోంచి అరచేతి పొడవు ప్లాస్టిక్ సీసా ఒకటి తీసింది. మూతకి సీలు ఉంది. అడుగున తెల్లటి చిన్న బిళ్ల ఒకటి కదులుతోంది.

"ఈ బిళ్ల చూశారా? నీళ్లలో క్లోరిన్ ఉంటే దీనివల్ల దాని శక్తి విరిగిపోతుంది. ఈ బిళ్ల లేకపోతే ల్యాబ్‌కి వెళ్లే దారిలోనే ఆ క్లోరిన్ నీళ్లలోని క్రిముల్ని చంపేస్తుంది, చెడ్డ నీళ్లు కూడా మంచివని తేలతాయి. బిళ్ల ఉన్న సీసాలో క్లోరిన్ మిగలడమనేది ఉండదు. మిగిలిందంటే ఆ బిళ్ల అందులో లేదన్నమాట."

"ఎందుకు లేదు?"

"ఎవరో సీసా కడిగారు. ఏదో మురికి ఉందనుకుని తొలిపి పారబోశారు. ఈ పని నేర్పేటప్పుడు మొదటి రోజు చెప్పే మొదటి మాట ఇదే, సీసా కడక్కు అని. లైసెన్సు ఉన్నవాళ్లెవరూ నిద్రలో కూడా కడగరు."

"భలే కథ" అన్నాడు లైల్. "అయితే క్లేటన్ కడిగాడు. వాడికి లైసెన్సు లేదుగా."

వెర్నా బుర్ర గిర్రున తిరిగింది. మార్లిస్ నిజం చెబుతోందా, ఏమీ తెలియని ఇద్దరి ముందు ముప్పై ఏళ్ల అనుభవంతో తిమ్మిని బమ్మిని చేస్తోందా? తేల్చుకోలేకపోయింది. సీలు తియ్యని సీసా ఒకటి అడిగి తీసుకుని కోటు జేబులో వేసుకుంది.

"పద, ఆ క్లేటన్‌నే అడుగుదాం" అంది.

రెండూ పదికి ఇద్దరూ రెండు కార్లలో శిబిరం చేరారు. పిల్లలెవరూ లేరు. కుళాయిలకి పసుపు పట్టీలు చుట్టి ఉన్నాయి. క్లేటన్ లూండ్ డెబ్బై ఏళ్లవాడు, పెద్ద వదరుబోతు. దిమ్మల మీద బోర్లించిన పడవల పక్కన నిలబడి అడక్కముందే మొదలుపెట్టాడు.

"నిన్ననే ఈ సారుకి అంతా చెప్పాను. ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు, ఇదిగో ఈ కుళాయి దగ్గరే నీళ్లు పట్టుకున్నారు, వెళ్లారు. పావుగంట కూడా లేరు."

వెర్నా కుళాయి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మోకాలెత్తు కుళాయి అది. మూతికి బిగించిన జల్లెడ చుట్టూ తెల్లగా సున్నపు పెచ్చు కట్టి ఉంది, ఎక్కడా పగల్లేదు. ఏళ్ల తరబడి ఎవరూ ఆ జల్లెడ విప్పలేదు. బయల్దేరే ముందు ఆమె మార్లిస్ పాత కాగితాలు తిరగేసింది. పన్నెండేళ్లుగా ప్రతిసారీ ఒకే మాట ఉంది, 'పంపు గది కుళాయి, జల్లెడ తీసి, స్పిరిటుతో తుడిచి'. పంపు గది గుట్ట మీద ఉంది. ఈ కుళాయి మాత్రం కారు ఆపే చోటికి నాలుగడుగులే.

"అంతకు ముందు బావిలో ఏమన్నా కలిపారా?" అని అడిగింది.

"ముందు రోజు బ్లీచింగు పోశాను. ప్రతి ఏడూ పోస్తాను. ఆ వాసన పోయేదాకా ఆగి నమూనా తీసేవాళ్లు. ఈసారెందుకో తొందరపడ్డారు. పడ్డా పద్ధతైన మనిషేలెండి."

"ఎలా తెలుసు?"

"ఎంత శుభ్రతండీ! సీసాని ఒకసారి కాదు, మూడుసార్లు కడిగారు. నీళ్లు పోయడం, ఆడించడం, పారబోయడం. మా ఆవిడ కూడా గిన్నెలు అంత శ్రద్ధగా తోమదు. మా పిల్లల నీళ్లు మంచి చేతుల్లో పడ్డాయనుకున్నాను. అలాగే అనుకున్నానమ్మా."

లైల్ నోట్ బుక్ మూసేశాడు. "నిన్న నాకీ సీసా సంగతి చెప్పలేదేం?"

"మీరు అడగలేదుగా. వచ్చారా లేదా అని అడిగారు, వచ్చారన్నాను."

వెర్నాకి అప్పుడు తట్టింది. వచ్చారు, పట్టుకున్నారు, వెళ్లారు. నిన్నటి వాంగ్మూలమంతా ఆ గౌరవంలోనే నడిచింది.

"క్లేటన్, వచ్చింది ఆడా, మగా?"

లైల్ ముఖం మాడిపోయింది.

"ఏమో" అన్నాడు క్లేటన్. "నేను ఈ పడవ కింద పడుకుని పగులు అతుకుతున్నాను. ఇక్కణ్నుంచి రబ్బరు బూట్లు, నీలం తొడుగుల చేతులు, సీసా కనబడ్డాయి. ఇన్‌స్పెక్టరు గారా అని కేకేశాను, చెయ్యెత్తారు. మోకాళ్ల కింద నుంచి చూస్తే ఆడేమిటి, మగేమిటి?"

"నువ్వు రాసిన వాంగ్మూలంలో మార్లిస్ గ్రూబ్ అని పేరుంది లైల్."

"ఈ కౌంటీలో లైసెన్సున్న ఇన్‌స్పెక్టరు ఆవిడొక్కత్తే కదా! ఇంకెవరనుకుంటాను?"

"అందరూ అలాగే అనుకోవాలనే ఆ ముద్ర కొట్టింది."

కారులోంచి వెర్నా బోర్డు ఆఫీసు గుమస్తాకి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగింది. ఈ వెల్‌బర్న్ కౌంటీ నుంచి శానిటేరియన్ లైసెన్సుకి దరఖాస్తు పెట్టి, రానివాళ్లు ఎవరైనా ఉన్నారా? గుమస్తా వెతికి చెప్పింది. ఒక్కరు. పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పారు. పేరు విన్నాక వెర్నా రెండు మైళ్ల దాకా రేడియో కూడా పెట్టలేదు. పరీక్ష తప్పడం నేరం కాదు. తప్పినవాళ్లందరూ దొంగలైతే దేశంలో సగం మంది జైల్లో ఉండాలి. సాక్ష్యం కావాలి.

మూడూ ఇరవై అయిదుకి ఆమె కౌంటీ ఆరోగ్య శాఖ డైరెక్టరు ఫిలిప్ కెస్లర్ గదిలో ఉంది. వెనకాలే లైల్, మార్లిస్ వచ్చారు. కెస్లర్ నున్నగా దువ్విన తలతో, మర్యాదగా లేచి నిలబడ్డాడు. గోడ మీద పక్క రాష్ట్రం వాళ్లిచ్చిన ప్రశంసాపత్రం అద్దంలో మెరుస్తోంది.

"మార్లిస్ విషయంలో నాకు చాలా బాధగా ఉంది" అన్నాడు. "కానీ పిల్లల ప్రాణాలు కదా. మీ పని మీరు చెయ్యాలి."

"ఒక్క సాయం చేయాలి సార్" అంది వెర్నా. జేబులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. "నేను మంగలి షాపులు చూసుకునేదాన్ని. బోర్డు వాళ్లు నీటి నమూనా ఎలా తీస్తారని అడిగితే నీళ్లు నమలాల్సి వస్తుంది. ఈవిణ్ని చూపించమందామంటే నిందితురాలు. మీరు ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవారు."

"ఇరవై రెండు" అని కెస్లర్ సరిదిద్దాడు. "మా పాత రాష్ట్రంలో ఈ పనికి లైసెన్సులూ గట్రా లేవు. పని వచ్చా రాదా అన్నదే చూసేవారు."

మార్లిస్ ఏదో అనబోయింది. వెర్నా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

గది మూలన చిన్న సింకు ఉంది. కెస్లర్ చొక్కా చేతులు మడిచాడు. సొరుగులోంచి నీలం తొడుగులు తీసి తొడుక్కున్నాడు. "అన్నిటికన్నా ముఖ్యం శుభ్రత" అన్నాడు, బడిపిల్లలకి చెప్పినట్టు. కుళాయి తిప్పి, సీలు చించి, మూత తీశాడు. సీసా వెలుతురుకి ఎత్తి చూసి, అడుగున ఉన్న తెల్లటి దాన్ని చూసి ముఖం చిట్లించాడు. సగం నీళ్లు పట్టి ఆడించి పారబోశాడు. బిళ్ల నీళ్లతో పాటు జారి సింకు కన్నంలోకి వెళ్లిపోయింది. మళ్లీ పట్టి పారబోశాడు. మూడోసారి కూడా.

కుళాయి ఇంకా పారుతూనే ఉంది.

మార్లిస్ రెండు చేతులతో నోరు మూసుకుంది. లైల్ మెల్లగా వెళ్లి కుళాయి కట్టేశాడు.

"ఏమైంది?" అన్నాడు కెస్లర్. ముగ్గురి ముఖాలూ చూశాక తడి సీసాని బల్ల మీద పెట్టేశాడు.

"జూన్ మూడున కూడా మూడుసార్లే కడిగారు" అంది వెర్నా. "పడవ కింద ఒక మనిషి ఉన్నాడు సార్. మీరు చెయ్యెత్తింది అతనికే."

కెస్లర్ తొడుగుల్ని ఒక్కో వేలే లాగి విప్పాడు.

"అప్పటికి మూడు రోజుల్లో పిల్లలు రావాలి" అన్నాడు. "ఈవిడకి వారం దాకా ఖాళీ లేదు. కాగితానికి ఒక నంబరు కావాలి, అంతే. నీళ్లు తేటగా ఉన్నాయి. అద్దంలా ఉన్నాయి. నంబరే కదా అనుకున్నాను."

"నంబరే కదా?" మార్లిస్ గొంతు లేచింది. "ఆ నంబరు కోసం రెండేళ్లు ఒకాయన వెనకాల సంచులు మోశాను. మురుగు గుంటల్లో దిగాను. ఏటేటా పరీక్షలకీ తరగతులకీ కూర్చున్నాను. ఎందుకనుకున్నావు? తేటగా ఉన్న నీళ్లని నమ్మకుండా ఉండడం నేర్చుకోవడానికి! నన్నడిగితే నా ఆదివారం మానుకుని వెళ్లేదాన్ని కదయ్యా!"

వెర్నా అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి మిగిలింది. జవాబు వినాలని ఆమెకు లేదు.

"ఆ ఒక్క సీసాయేనా?"

కెస్లర్ కిటికీ వైపు చూశాడు. "పదకొండు" అన్నాడు.

"చివరిది ఎక్కడ?"

"ఈస్ట్ షోర్ వృద్ధుల వసతి గృహం. బావి పంపు బాగుచేశారు. ఈ ఉదయం నీళ్లు పట్టి ల్యాబ్‌కి పంపాను. ఎనభై మంది ముసలివాళ్లు రెండు రోజులుగా డబ్బా నీళ్లతో ఉన్నారని... వాడుకోమని కాగితం ఇచ్చేశాను."

"అక్కడ రాత్రి భోజనం నాలుగున్నరకే పెడతారు" అంది మార్లిస్. "నిమ్మరసం కలిపి కూజాల్లో బల్లల మీద పెడతారు, ఆ హడావిడిలో ఫోనెవరూ ఎత్తరు. ఆ బావి పక్కనే పశువుల కొట్టం ఉంది."

గడియారం మూడూ నలభై ఆరు. వెర్నా బోర్డుకి ఫోన్ చేసింది. అంతా తేలిపోయింది, ఓటు ఆపండి, ఈ కౌంటీలో బావి మూయించే అధికారం ఉన్నది ఒక్క మార్లిస్ గ్రూబ్‌కే. ఆ మాటలే గుక్క తిప్పుకోకుండా చెప్పింది. అవతలివాళ్లు చెప్పింది విన్నాక ఫోను చెవి దగ్గర నుంచి దించింది. ఆ క్షణంలో తాను చేస్తున్న ఉద్యోగం మీదే ఆమెకు అసహ్యం వేసింది.

"సభ్యులందరూ ముందే దొరికారట" అంది. "మూడున్నరకే ఓటు అయిపోయింది. మీ లైసెన్సు సస్పెండ్ అయింది మార్లిస్. మళ్లీ సమావేశం పెట్టాలంటే మూడు రోజుల నోటీసు ఇవ్వాలి."

"పక్క కౌంటీ వాళ్లని పిలవండి" అన్నాడు లైల్.

"రెండు గంటల దారి" అంది మార్లిస్.

ఆమె మెడలోని గుర్తింపు కార్డు తీసింది. దాని మీద 1147 అంకెలు ముప్పై ఏళ్ల రాపిడికి సగం చెరిగిపోయి ఉన్నాయి. దాన్ని తడి సీసా పక్కన పెట్టింది. వెర్నా ఆమె ఏడుస్తుందనుకుంది. మార్లిస్ సంచీ భుజాన వేసుకుంది.

"ఎక్కడికి?" అంది వెర్నా. "మీరిప్పుడు ఆ బావి మూయించడం నేరం. నేనే మీ మీద కేసు రాయాల్సి వస్తుంది."

"బావి మూయడానికి లైసెన్సు కావాలి. ఆ నీళ్లు తాగొద్దని భోజనాల గదిలో నిలబడి అరవడానికి అక్కర్లేదు కదా" అంటూ మార్లిస్ లైల్ వైపు తిరిగింది. "ఒరే అబ్బాయ్, నన్ను అరెస్టు చెయ్యడానికి తెచ్చావే ఆ కారు, దానికి సైరన్ పనిచేస్తుందా?"

లైల్ అప్పటికే తాళాలు తీసి పట్టుకున్నాడు.